కువైటు నుండి వచ్చిన తల్లి

గ్రామపెద్దలారా! రాయచోటి ప్రాంతము నుండి ఇంటిపనికై కువైటునకు పోయిన తల్లులను మీరెరుగుదురు. అట్టి యొకతె మరలివచ్చునప్పటికి, అత్తవారు ఆమె నాలుగేండ్ల బిడ్డను చూపక, “విడిచిపోయినది” అనిరనుకొనుడు. పట్టణపు ప్లీడరు మొదట అడుగునవి ఆమె పంపిన సొమ్ముల రసీదులు. బిడ్డను విడువలేదనుటకు అవియే సాక్ష్యము. 1890 నాటి చట్టము ననుసరించి, బిడ్డ సాధారణముగా నివసించు చోట అధికారముగల కోర్టులోనే అర్జీ వేయవలయును. ఆమె హిందువైనచో, 1956 నాటి చట్టము ఐదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లి యొద్ద నుండవలెనని చెప్పుచున్నది. అయినను కోర్టునకు బిడ్డ క్షేమమే ప్రధానము. “పంటకోతలు కానిండు, పిమ్మట చూతము” అని మీరు మంచిమనసుతోనే వాయిదా వేయుదురు. ఇంతలో ఆ ఐదేండ్లు నిండును! ఫీజునకు వెరవనక్కరలేదు. 1987 నాటి చట్టముచే స్త్రీలకు, ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయసహాయము కలదు. మండల న్యాయసేవా సంఘమునకు అర్జీ వ్రాసినచో ప్లీడరును వారే నియమింతురు.