బండి చక్రముల విషయము
(సంఘ భవనమున సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మన వృద్ధులను వీధి మలుపునుండి భవనపు మెట్ల వరకు చేర్చుటకై రెండేండ్ల క్రిందట మనమొక బ్యాటరీ బండిని కొంటిమి. అది గోల్ఫ్ మైదానమున వాడి విడిచినది. నాడు మోటారును పరీక్షించితిమి, బ్యాటరీలను పరీక్షించితిమి, పైకప్పునకు రంగు వేయించితిమి. చక్రముల వంక చూచినవారు లేకపోయిరి. గడచిన ఐప్పశి వానలలో దిగుడు దారిని బ్రేకు నొక్కినను బండి నిలువక జారి, ఇసుకకుప్పను తాకి ఆగినది. లోపల నలుగురు పెద్దలుండిరి. ఎవరికిని దెబ్బ తగులలేదు గాని, వారిలో ఒక అమ్మగారు నేటికిని ఆ బండి నెక్కుట లేదు. తప్పు నడిపిన కుఱ్ఱవానిది కాదు, మనది.

ఆ టైర్లు పచ్చికకై చేసినవి. పచ్చిక నలుగకుండుటకు వానికి లోతులేని గాడులు, గుండ్రని అంచులు నుండును. సిమెంటు దారిపై అవి త్వరగా నున్నబడును. గాడి లేనిచో టైరు క్రింది నీరు పోవుటకు త్రోవ యుండదు. చక్రము నీటిపై జారును. మనకు కావలసినవి లోతైన గాడులుగల రోడ్డు టైర్లు.

కొలతను పాత టైరు ప్రక్కననే చదువవచ్చును. మనదానిపై 18×8.50-8 అని యున్నది. అనగా ఎత్తు 18 అంగుళములు, వెడల్పు ఎనిమిదిన్నర, లోపలి రిమ్ము 8. మన యువకులు కొందఱు 22 అంగుళముల టైర్లు వేసిన బండికి ఠీవి వచ్చుననుచున్నారు. ఠీవి వచ్చును, నిజమే. కాని అవి పట్టుటకు బండి నెత్తింపవలెను. ఎత్తిన బండి మలుపులలో ఒరగుటకు సులువు. ఎక్కుడు దారిలో మోటారునకు శ్రమ హెచ్చి చార్జి త్వరగా దిగును. అన్నిటికంటె ముఖ్యము, మోకాళ్ల నొప్పులవారికి ఆ హెచ్చిన మెట్టు ఎక్కుటయే గండము. పాత కొలతయే మేలని మా అభిప్రాయము.

ఇక గాలి. ఇట్టి టైర్లకు సాధారణముగా చదరపు అంగుళమునకు 18 మొదలు 22 పౌనుల వరకు చాలును. బండి పుస్తకమున చెప్పిన లెక్కయే ప్రమాణము. టైరుపై ముద్రించిన గరిష్ఠమును దాటరాదు. గాలి కొట్టు అంగడివారు కార్ల అలవాటున 30 దాటింతురు, చిన్న టైరు క్షణములో నిండును. కావున మన కొలత గొట్టమును మనమే తీసికొని పోవుదము. వారమున కొకసారి, ఉదయమున, బండి కదలకమునుపు చూడవలెను. రెండంచులు అరిగిన గాలి తక్కువ, నడుమ అరిగిన గాలి ఎక్కువ, ఒక్క యంచే అరిగిన చక్రముల వరుస తప్పినదని గ్రహింపవలెను. మన బండి తిరుగుటకంటె ఎండలో నిలుచుటయే హెచ్చు. రబ్బరు ఎండకు బీటలు వారును. గాడులు మిగిలియున్నను అట్టి టైరు పనికిరాదు. వేపచెట్టు నీడనున్న రేకుల పాకను ఖాళీ చేయించితిమి.

నాలుగు టైర్ల వెలలో సగము సంఘనిధిలో కలదు. మిగిలిన సగమునకై చందా పెట్టెను ద్వారము వద్ద నుంచితిమి. టైర్లు మారిన దినమున మొదటి తడవ మేమే దిగుడు దారిలో నడిపి చూచి, పిమ్మట ఆ అమ్మగారి యింటికి పోయి పిలువనున్నాము.