అమ్మబోయే ఇంటికి మరమ్మతులు

(సంఘ మాసిక సమావేశములో చదివిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు ఈ విషయమై మాట్లాడుమని అడిగినప్పుడు మేము కొంత సంకోచించినాము. మేము ఇంజనీరులము కాము, ప్లీడర్లము కాము. మెట్రిక్యులేషను ప్యాసై ఖుర్దా రోడ్డు డివిజనులో గుమాస్తా పని చేసుకొనుచున్నవారము. అయితే ఆయన ఒక్క మాట అన్నారు: "ఇళ్ళు కట్టినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అమ్మి, చేసిన పొరపాట్లు దాచకుండా చెప్పేవాడు ఒక్కడూ దొరకలేదు." ఆ అర్హత మాకు పూర్తిగా ఉన్నది గనుక ఒప్పుకొన్నాము.

మన తాతలు, తండ్రులు బి. ఎన్. ఆర్. నాటినుంచి శ్రీకాకుళము, విజయనగరము వైపునుండి వచ్చి ఈ జట్నీలో స్థిరపడినారు. ఆ రైల్వే 1955లో సౌత్ ఈస్టర్న్ అయినది, 2003లో ఈస్టు కోస్టు అయినది. మనము మాత్రము ఇక్కడే ఉంటిమి. ఇప్పుడు పిల్లలు విశాఖపట్నమనీ, హైదరాబాదనీ పోవుచున్నారు. పెద్దలు కట్టిన ఇళ్ళు అమ్మకానికి వస్తున్నవి. అమ్మబోయే ముందు ప్రతి ఇంటిలోను పుట్టే తగాదా ఒకటే: దీనిమీద ఇంకా డబ్బు పెట్టవలెనా, వద్దా? పెడితే దేనిమీద?

మా నాన్నగారు క్యారేజి వేగను విభాగములో ఫిట్టరు. 1987లో మాంకడ రాతి గోడలతో, పైన శ్లాబుతో, మూడు గదుల ఇల్లు కట్టినారు. మాంకడ అంటే ఇక్కడి నేలలోనే కోసి తీసే ఎర్ర రాయి. ఆయన 2010లో రిటైరై, 2019 నవంబరులో పోయినారు. అదే యేడు మే 3వ తేదీన వచ్చిన ఫొని తుఫానుకు పిట్టగోడ ఒక పక్క కూలి శ్లాబు మీద పడినది. గోడ తిరిగి కట్టించినాము గాని, క్రింద శ్లాబు సన్నగా బీట వారిన సంగతి ఎవరమూ పట్టించుకోలేదు.

ఇంటికి వారసులు నలుగురు. మా అమ్మగారు, విశాఖపట్నములో ఉన్న అన్నగారు, బరంపురములో ఉన్న చెల్లెలు, మేము. ఇంటిలో ఉన్నది మేమే అయినా, తక్కినవారి వాటాలు కొనగలిగే జీతము కాదు మాది. చెల్లెలి భర్తకు వ్యాపారములో అప్పు. అన్నగారికి ఫ్లాటు కొని అమ్మగారిని తీసుకొని వెళ్ళవలెనని కోరిక. 2024 ఉగాదినాడు అందరమూ కూర్చొని అమ్ముటకు నిశ్చయించినాము.

అన్నగారు అన్నారు: "వంటగది కొత్తగా చేయించి, రంగులు వేయించురా. మూడు లక్షలు ఎక్కువ వస్తాయి. వైజాగులో అందరూ అదే చేస్తున్నారు." చెల్లెలు అన్నది: "చిన్నన్నయ్యా, ఒక్క పైసా పెట్టవద్దు. ఉన్నది ఉన్నట్టు అమ్మేద్దాం." అమ్మగారు ఏమీ అనలేదు. మేము పెద్దవాని మాట విన్నాము. కో-ఆపరేటివ్ సొసైటీలో రెండు లక్షలు అప్పు తీసినాము.

మే నెలలో వంటగది చేయించినాము. గోడలకు తెల్ల టైల్సు, నల్ల గ్రానైటు గట్టు, స్టీలు సింకు, క్రింద బీరువాలు; మొత్తము 1,38,000 రూపాయలు. పిదప ఇంటినిండా రంగులు, 40,000. ముందు గది గోడ అడుగున చెమ్మ ఉన్నదని మేస్త్రీ చెప్పనే చెప్పినాడు. ఆరేవరకు ఆగితే వానలు వచ్చునని మేమే తొందరపెట్టినాము. జూలై నడిమికి ఆ గోడ మీద రంగు అప్పడమువలె పొంగినది. రంగు చెమ్మను దాచునని అనుకొంటిమి. దాచినది, ఆరు వారములు.

ఆ వానలలోనే మొదటి బేరము వచ్చినది. ఆయన ఒడియా పెద్దమనిషి, మర్యాదస్తుడు. మా వంటగది గడపలో నిలబడి తల ఊపి, వెనుకకు తిరిగినాడు. పడకగదిలో మాత్రము పైకి చూచి చాలాసేపు ఉండిపోయినాడు. తడి మరక ఒకటి, దాని నడుమ పెచ్చు ఊడి ఇనుప చువ్వ తుప్పుతో కనబడుచున్నది. "పాణి పడుఛి కి?" అని అడిగినాడు, నీళ్ళు పడుతున్నవా అని. కొంచెము అన్నాము. మేము చెప్పిన ధర 38 లక్షలు, ఆయన ఇచ్చెదనన్నది 34. మా ప్రాణము ఉండబట్టక, వంటగది చూచినారా, క్రొత్తది గదా అన్నాము. "బాగుంది. కాని మా ఇంట్లో వాళ్ళకు వాళ్ళ ఇష్టప్రకారం కావాలి. తీసేసి వేరే చేయిస్తాము" అన్నాడు. తగ్గించిన నాలుగు లక్షలలో మూడు శ్లాబుకట, ఒకటి పాత వైరింగుకట.

ఆయన వెళ్ళిన మరునాడే మేము మేస్త్రీని మేడ ఎక్కించి అంచనా వేయించినాము. బీటలు చెక్కి పూడ్చి, తుప్పు గీకి, పెచ్చులు సరిచేసి, నీరు తూములవైపు జారునట్లు వాలు ఇచ్చి, పైన నీరు దిగని పూత పూయుటకు 46,000 అన్నాడు. అదే తప్పుకు కొనేవాడు మూడు లక్షలు కోసినాడు! మేము మొదట ఇది అన్యాయమనుకొన్నాము. తరువాత ఆలోచించగా అర్థమైనది. మనకు ఆ మరక ఎంతవరకు పోయినదో తెలియును. అతనికి తెలియదు. తెలియనిదానికి భయపడినవాడు వెల కట్టునప్పుడు చేయి ఎత్తియే కట్టును. కనుక అమ్మేవాడు డబ్బు పెట్టవలసినది కొనేవానికి ముచ్చట కలిగించుటకు కాదు, అతని భయము తీర్చుటకు. ముచ్చట ఎవరిది వారిదే.

అంతకంటె ముందు చూడవలసినది ఇంకొకటి ఉన్నది. మనము అమ్మునది ఇల్లా, స్థలమా? అర్గులులో ఐ. ఐ. టి., జట్నీలో నైసర్ వచ్చిన పిదప ఈ చుట్టుపట్ల స్థలములకు గిరాకి పెరిగినది. ఆగస్టులో వచ్చిన ఒక కంట్రాక్టరు మా ఇంటి లోపలికే రాలేదు. వీధి వెడల్పు అడుగులతో కొలుచుకొని, నూయి ఎక్కడ, హద్దు రాళ్ళు ఎక్కడ అని అడిగి వెళ్ళినాడు. కొన్న నెలకు ఇల్లు పడగొట్టేవానికి గ్రానైటు గట్టెందుకు, వెల్ల కూడ ఎందుకు? అట్టివానికి అమ్మేటట్లయితే హద్దులు కొలిపించి, పెరటి చెత్త ఎత్తించి ఊరుకొనవలెను. మా వీధిలో అందరూ ఎటువంటివారికి అమ్మినారో ముందే విచారించి ఉంటే మాకు ఇది మే నెలకు ముందే తెలిసి ఉండును. ఆఫీసులో పాత ఫైలు చూడక నోటు వ్రాయని మేము, సొంత ఇంటి విషయములో ఆ పని చేయలేదు.

ఇల్లు ఇల్లుగా కొనువారు ఈ రోజులలో ఎక్కువగా బ్యాంకు అప్పుతోనే కొనుచున్నారు. అప్పుడు ఇల్లు చూచువారు ముగ్గురు. కొనేవాడు, బ్యాంకు పంపే ఇంజనీరు, బ్యాంకు ప్లీడరు. ఇంజనీరు ఇంటి వయస్సు, బీటలు, మంజూరైన ప్లాను చూచును. మా పొరుగువారు అద్దెకని మేడ మీద ప్లాను లేకుండ ఒక గది వేసినారు. అమ్మునప్పుడు ఆ గది లెక్కకే రాలేదు సరికదా, కొనేవాడు దానిని చూచి జంకినాడు. ఇక ప్లీడరు ఇంటికే రాడు. అతనికి కావలసినవి కాగితములు.

ఈ కాగితముల దగ్గర మా పరువు పోయినది. పట్టా ఇంకా నాన్నగారి పేరనే ఉన్నది. అయిదేండ్లు గడచినా వారసుల పేర మార్పించుకోలేదు. అదిగాక, నాన్నగారు తరువాత కొన్న వెనుక పట్టీ, మేము అరటిచెట్లు వేసినది, పట్టాలో 'ఘరబారి' అని, అంటే ఇంటి స్థలమని, లేదు. 'శారద' అని, అంటే వరి పొలమని ఉన్నది. ఇక్కడివారు దీనిని కిసము అంటారు. 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టములో 8-ఎ సెక్షను క్రింద దరఖాస్తు చేసి దానిని మార్పించుకొనవలెను. వారసుల సర్టిఫికెటు, మ్యుటేషను, కిసము మార్పు, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెటు, హోల్డింగు పన్ను రసీదులు. అన్నిటికీ కలిపి 14,000 ఖర్చు, నాలుగు నెలల కాలము పట్టినవి. ఆలస్యము మాదే. మేలో టైల్సు రంగు ఎంచుకొనుచు గడిపిన దినములలో దరఖాస్తు పెట్టి ఉంటే జూలైకి సగము పని అయి ఉండును. మీలో ఎవరి ఇంటి పట్టా అయినా గతించినవారి పేర ఉంటే, అమ్మినా అమ్మకపోయినా, రేపే కదలండి. ఇంతకంటె చవకైన మరమ్మతు మరొకటి లేదు.

సొసైటీ అప్పులో అప్పటికి మిగిలినది 22,000. శ్లాబుకు, వైరింగుకు, కాగితములకు కావలసినది 91,000. మా ఇంటి ఆవిడ తన గొలుసు తీసి బల్ల మీద పెట్టినది. "ఈసారైనా మీ అన్నగారిని అడగకండి" అన్నది. తాకట్టు పెట్టినాము.

వానలు వెనుకబడిన తరువాత అక్టోబరులో శ్లాబు పని జరిగినది. నిజమునకు ఇది మే నెలలో చేసి, ఒక వానకాలము చూచిన మరమ్మతుగా చూపవలసినది. మాకు ఆ అవకాశము లేదు గనుక, పని బాగుగా గట్టిపడిన తరువాత తూములు మూసి, రెండంగుళముల లోతున రెండు రోజులు నీరు నిలబెట్టినాము. రెండవ బేరమునకు వచ్చిన ఉపాధ్యాయుడుగారిని ఆ రెండవ రోజుననే రమ్మన్నాము. ఆయన మేడ ఎక్కి నీటిలో చేయి పెట్టి, దిగి వచ్చి పడకగది కప్పుకు అరచేయి ఆనించి చూచినారు. తరువాత ఎవరూ ఏమీ చెప్పవలసిన పని లేకపోయినది. వైరింగు 31,000తో మార్పించి, ఎర్తింగు వేయించి, పాత ఫ్యూజుల చోట ఎం. సి. బి. లు పెట్టించినాము. ఏ. సి. పెట్టుకొనవచ్చునా అని మాత్రము అడిగినారు. 2025 ఫిబ్రవరిలో 37 లక్షల 25 వేలకు రిజిస్ట్రేషను అయినది.

లెక్క చూచుకొంటే, 91,000 పెట్టినవానికి మూడు లక్షల పాతికవేలు తేడా వచ్చినది. అంతా మరమ్మతుల మహిమ అనుట సరికాదు. ఏడు నెలలలో ధర కూడ కొంత కదలి ఉండవచ్చును, మనిషీ వేరు. కాని 1,78,000 పెట్టిన వంటగది, రంగులు ఎక్కడ తిరిగి వచ్చినవో ఎంత వెదకినా కనబడలేదు.

చిల్లర పనుల సంగతి: కారే కుళాయిలు, పడని గడియలు, వెలగని దీపములు, పెరటిలో కలుపు, వీటికి మాకు రెండు వేలు కూడ కాలేదు, అవి అందరూ చేయించవలసినవే. వాస్తుకై గేటు తూర్పుకు మార్చుమని ఒక బంధువు పట్టుబట్టినారు. వచ్చేవారి నమ్మకము ఏదో తెలియకుండ గోడ పగులగొట్టము అన్నాము. ఉపాధ్యాయుడుగారు గేటు సంగతి ఎత్తనే లేదు.

పన్ను విషయము ఒక్క మాట. 2024 జూలై 23 నుండి జరిగిన అమ్మకములలో, అంతకు ముందే వచ్చిన ఇండ్లకు రెండు విధముల లెక్క వేసి ఏది తక్కువైతే అది కట్టవచ్చును: ధరల సూచీ కలపకుండ నూటికి పన్నెండున్నర, లేదా కలిపి నూటికి ఇరవై. ఇంటికి క్రొత్తగా చేర్చిన పనుల ఖర్చు ఆ లెక్కలోనికి వచ్చును. వెల్ల, రంగు, మామూలు రిపేర్లు రావు. దేనికైనా బిల్లు ఉండవలెను. మేము గ్రానైటు దుకాణము బిల్లు జాగ్రత్త చేసినాము, మేస్త్రీ కూలికి రసీదు వ్రాయించుకోలేదు. 2001కి ముందు కట్టిన ఇండ్లవారు ఆ సంవత్సరము ఏప్రిలు 1 నాటి విలువ కట్టించుకొనవచ్చును. వివరములకు ఆడిటరు వద్దకు పోవుట మేలు.

చివరగా ఆ వంటగది సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా అమ్మగారు ఆ ఇంటిలో ముప్పై యేండ్లకు పైగా నేలమీద కూర్చుండి వండినారు. మోకాళ్ళు పట్టుకుపోయిన తరువాత, నిలబడి వండుకొనుటకు ఒక గట్టు కట్టించుమని నాన్నగారిని అడుగుచుండెడివారు. ఆయన వచ్చే బోనసుకు అనేవారు. ఆయన తరువాత మమ్మడిగినారు. మేము వచ్చే డి. ఏ. కు అన్నాము. కొనేవానికోసము మాత్రము పది దినములలో కట్టించినాము. అది కూడ అన్నగారు ఫోనులో చెప్పిన కొలతకు, ముప్పైమూడు అంగుళముల ఎత్తున. అమ్మగారు పొట్టి మనిషి. పొయ్యి మీద గిన్నెలోనికి చూడవలెనంటే ఆమెకు అందలేదు. "మీ నాన్నగారు భోంచేసే పీట ఇలా పడేయరా" అని, ఆ పీట వేసుకొని దానిమీద నిలబడి తొమ్మిది నెలలు వండినారు. ఫిబ్రవరిలో సామాను లారీకి ఎక్కించునప్పుడు ఆ పీటను లారీలో వేయనియ్యక తన సంచిలో పెట్టుకొన్నారు. అన్నగారి ఫ్లాటులో గట్టు ఎంత ఎత్తున్నదో మేము ఇంతవరకు అడుగలేదు.

మా ఖర్చుల పుస్తకము, దరఖాస్తుల నకళ్ళు ఇక్కడ తెచ్చినాము. కావలసినవారు సమావేశము పిదప చూడవచ్చును.