పడవలోనైనా, షెడ్డులోనైనా: ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి?

(పటాన్‌చెరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల్లో ఆడపిల్లల ఫిర్యాదుల గురించి మాట్లాడమన్నారు. పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేసే వాళ్ల మధ్య పడవ పందేల ఊసెందుకని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది, చెప్తాను.

రోయింగ్ జట్టులో ఎవరు పడవెక్కాలో, ఎవరు ఒడ్డున ఉండాలో కోచ్ నిర్ణయిస్తాడు. ఎంపికకు పేరు పంపేదీ, క్యాంపుకు తీసుకెళ్లేదీ ఆయనే. ఇక్కడ ప్యాకింగ్ సెక్షన్‌లో రేపు పని ఉందో లేదో చెప్పేది సూపర్‌వైజరు. రెండుచోట్లా ఆడమనిషి భవిష్యత్తు ఒక్కడి చేతిలో ఉంటుంది. ఫిర్యాదు కూడా అతనికో, అతన్ని పెట్టిన వాళ్లకో ఇవ్వమంటారు. కంచే చేను మేస్తుంటే కంచెకే చెప్పుకోమన్నట్టు!

2015 మే నెలలో కేరళలోని అలప్పుజలో, స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా జలక్రీడల కేంద్రంలో శిక్షణ పొందుతున్న నలుగురు అమ్మాయిలు ఆత్మహత్యకు ప్రయత్నించారు. ఒకరు చనిపోయారు. వేధింపులే కారణమని బంధువులు ఆరోపించారు. నేను అడిగేది ఒక్కటే. హాస్టల్లో ఉండే పిల్లకు సీనియర్లు, వార్డెన్, కోచ్ కాకుండా చెప్పుకోదగిన మనిషి ఎవరు?

2023లో దేశానికి పతకాలు తెచ్చిన మల్లయోధులు జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లాకనే, ఏప్రిల్ 28న కేసు నమోదైంది. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ మహిళా జట్టు కోచ్‌ను సస్పెండ్ చేసింది. జట్టు బస్సులో మద్యం తాగాడన్నది ఆరోపణ. ఆ ఫిర్యాదు పేరు లేని ఈమెయిల్‌గా వచ్చింది. పేరు పెడితే జట్టులో చోటు పోతుందన్న భయం ఎవరికైనా ఉంటుంది కదా!

విశాఖ తీర్పు 1997లో వచ్చింది, చట్టం 2013లో వచ్చింది. ఆ చట్టంలో స్టేడియం, శిక్షణ కేంద్రం, పోటీ జరిగే చోటు కూడా పనిస్థలమే. ఫిర్యాదు చేసే స్త్రీ ఏ వయసుదైనా కావచ్చు, ఉద్యోగి కాకపోయినా ఫరవాలేదు. కాబట్టి జీతం లేని రోయింగ్ విద్యార్థినికీ, కాంట్రాక్టు కార్మికురాలికీ అదే రక్షణ. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లపై లైంగిక నేరం జరిగితే పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసిన వాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు స్త్రీ, సభ్యుల్లో సగమైనా స్త్రీలు, ఒకరు బయటి సంస్థ నుంచి. అంతకన్నా చిన్న చోటైతే, లేదా ఆరోపణ యజమాని మీదే అయితే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. రాయలేకపోతే రాయడానికి సాయం చేయాల్సింది కమిటీయే. విచారణ తొంభై రోజుల్లో ముగియాలి.

నేను ఒక కంపెనీ కమిటీలో బయటి సభ్యురాలిగా కూర్చున్నాను. మొదటిరోజే ఒక పెద్దమనిషి, "ఎందుకమ్మా గొడవ, ఎంతో కొంత ఇచ్చి సర్దేద్దాం" అన్నాడు. చట్టం అది ఒప్పుకోదు. రాజీ ఆమె అడిగితేనే, అదీ డబ్బు ఆధారంగా కాదు. "రుజువు కాకపోతే నీ మీదే కేసు" అని బెదిరించడమూ అబద్ధమే. రుజువు చేయలేకపోవడం వేరు, తప్పుడు ఫిర్యాదు వేరు. విచారణ సాగుతుండగా ఇద్దరిలో ఎవరినైనా వేరేచోటికి మార్చమని గానీ, మూడు నెలల దాకా సెలవు ఇమ్మని గానీ ఆమె కోరవచ్చు. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఇవన్నీ ఆమెకు చెప్పేవాళ్లు లేరు.

అందుకే ఈ బయటి సభ్యురాలి కుర్చీ మనం వదులుకోకూడదు. కంపెనీలు తమకు అనుకూలమైన పేరు రాసుకుని మమ అనిపించకముందే మనం అడగాలి. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. కలెక్టరేటుకు వెళ్లి స్థానిక కమిటీ సభ్యుల పేర్లు, మండలాల నోడల్ అధికారుల పేర్లు రాతపూర్వకంగా తీసుకుందాం. వాటిని కంపెనీ గేట్ల దగ్గర, ఆటస్థలాల్లో, హాస్టళ్లలో అంటిద్దాం. మన పిల్లలు ఆటలకు వెళ్లే ప్రతిచోటా, "ఇక్కడ కమిటీ ఎవరు?" అని చేర్పించే రోజే అడుగుదాం. జవాబు లేకపోతే, ఆ మాట కాగితం మీద రాసివ్వమందాం.