మన బతుకు మనమే రాసుకోవాలి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

మన గిరిజనుల రోజువారీ బతుకును చూడటానికి పరాయి దేశాల వాళ్లు వచ్చారు. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన థర్‌స్టన్ దొర తలలు, ముక్కులు కొలతలేసి చూసిన మనిషి. 1909లో వచ్చిన ఆయన పుస్తకంలో మన యానాదులమూ ఉన్నాం.

ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్ దారి వేరు. 1940లో నల్లమల చెంచుల దగ్గరికి వెళ్లాడు. వాళ్లు దుంపలు తవ్వేది, తేనె తీసేది దగ్గరుండి చూసి, 1943లో పుస్తకం తెచ్చాడు. తర్వాత భార్య బెట్టీతో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండుల మధ్య ఉన్నాడు, వాళ్ల భాష నేర్చుకున్నాడు. ఆయన చొరవతో అక్కడే గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. బెట్టీ 1987లో చనిపోయారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. కలిసి బతికిన మనిషిని గోండులు తమ మనిషి అనుకున్నారు.

మరి మన సంగతి? చిన్నప్పుడు బళ్లో "ఎలకలు పట్టేవాళ్లు" అని నవ్వితే నేను తల దించుకున్నాను. మా నాయన వరిగట్టు మీద బొరియ చూసి, లోపల ఎలక ఉందో లేదో చెప్పేవాడు. ఎలా తెలుస్తుందని ఒక్కసారైనా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే నాయన లేడు.

మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఈ రాత్రే మీ అవ్వ పక్కన కూర్చోండి. ఏ ఆకు దేనికి, ఏ కాలవలో పీతలుంటాయి, అన్నీ అడగండి. ఆమె గొంతుతోనే దాచుకోండి.