జట్టు వెడలిపోయినను చెదరని జనము

(బరంపురమున జరిగిన మన సంఘ వార్షిక సమావేశములో, కార్యవర్గ సభ్యులును వస్త్రవ్యాపారియు నగు ఒకరు గావించిన ఉపన్యాస పాఠము)



నేను పండితుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, తండ్రిగారి బట్టల దుకాణములో కూర్చున్నవాడను. బట్ట కొలుచుట, ఖాతా వ్రాయుట, బాకీ వసూలు చేయుట నాకు తెలిసిన విద్యలు. కార్యదర్శిగారు నన్ను అమెరికా ప్రయాణ విశేషములు నాలుగు చెప్పుమని కోరిరి. ఆకాశహర్మ్యములను, నయాగరా జలపాతమును మీ పిల్లలు మీకు ఫోనులలో చూపుచునే యున్నారు. వానిని నేను వర్ణింప బూనినచో నవ్వులపాలగుదును. కావున నేను అచట చూచిన ఒక సమావేశమును గూర్చి మాత్రమే చెప్పెదను. అది ఒక ఆటను అభిమానించువారి సమావేశము. ఆ జట్టు ఆ ఊరు విడిచి ఇప్పటికి ఇరువది యేడేండ్లకు పైబడినది. అయినను జనము కూడుచునే యున్నారు.

మా తమ్ముడు హార్ట్‌ఫర్డ్ నగరమున నుద్యోగము చేయుచున్నాడు. ఇది న్యూయార్కునకును బోస్టనునకును నడుమ నున్న కనెక్టికట్ రాష్ట్రపు రాజధాని. జనసంఖ్య లక్షా ఇరువది వేలు. అనగా మన బరంపురము కంటె చిన్నది. భీమా కంపెనీలకు చిరకాలముగా పేరుపొందిన యూరు. ఆ కంపెనీల కంప్యూటరు పనులలో మన తెలుగువారు అనేకులున్నారు. గత వేసవిలో నేను తమ్ముని యింట నుండగా, ఒక శనివారము అతడు, 'అన్నయ్యా, నీవు సంఘముల మనిషివి గదా, నీకొక వింత చూపెదను రమ్ము' అని నన్ను వెంట గొనిపోయినాడు.

ఆ వింత తెలియవలెనన్న ముందు కథ కొంత చెప్పవలెను.

హాకీ యన్న మన ఒడిశావారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2018లోను, 2023లోను ప్రపంచ కప్పు పోటీలు భువనేశ్వరమున జరిగినవి. రెండవమారు రూర్కెలాలో గూడ జరిగినవి. సుందర్‌గఢ్ జిల్లా పల్లెలలో నడక వచ్చిన పిల్లవాడు కర్ర పట్టును. కాని అమెరికాలో ఉత్త హాకీ యన్న మంచు మీది యాటయే. అడుగున సన్నని ఉక్కు పలక బిగించిన జోళ్ళు తొడిగి, జట్టునకు ఆరుగురు చొప్పున గడ్డకట్టించిన మంచు మీద జారుచు ఆడుదురు. బంతికి మారుగా మూడంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందము గల రబ్బరు బిళ్ళ. ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగములు. ఒకరినొకరు గుద్దుకొనుట ఆటలో భాగమే. నాకు ఆ బిళ్ళ ఎటు పోయినదో కనబడుటయే కష్టమైనది.

హార్ట్‌ఫర్డ్ వారి జట్టునకు వేలర్స్ అని పేరు. తిమింగలములను వేటాడువారని యర్థము. ఆ తీరపు ప్రజలకు పూర్వము అది జీవనాధారము. 1972లో మొదట బోస్టనున ఆడ నారంభించి, 1975 జనవరిలో హార్ట్‌ఫర్డ్‌లో క్రొత్తగా కట్టిన క్రీడాభవనమునకు వచ్చినది. ఇటు న్యూయార్కు, అటు బోస్టను అను రెండు మహానగరముల నీడలో పెరిగిన యూరికి 'ఇది మాది' యని చెప్పుకొన దగినది అప్పటికి దొరికినది. 1979లో దేశపు పెద్ద లీగున ఆ జట్టునకు స్థానము లభించినది. అంత పెద్ద స్థాయిలో ఆ రాష్ట్రమునకు మరియొక జట్టు లేకుండెను.

ఇంతలో ఒక ఉపద్రవము జరిగినది. 1978 జనవరి 18వ తేదీ తెల్లవారుజామున, మంచు బరువునకు ఆ భవనపు పైకప్పు మొత్తముగా కూలిపోయినది. అంతకు కొన్ని గంటల ముందు దాని క్రింద వేలకొలది జనము కూర్చుండి బాస్కెట్‌బాల్ ఆట చూచి యిండ్లకు పోయియుండిరి! దైవకృపచే ఒక్కరికిని గాయము కాలేదు. కప్పు మరల వేయుటకు రెండేండ్లు పట్టినది. ఆ రెండేండ్లు జట్టు పొరుగు రాష్ట్రమగు మసాచుసెట్స్‌లో, ఇరువదియైదు మైళ్ళకు పైగా దూరముననున్న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆడినది. అభిమానులు చలికాలపు రాత్రులలో, మంచు కురియుచుండగా, తొంబది యొకటవ నంబరు రహదారి మీద కార్లు నడుపుకొని పోయి ఆట చూచి వచ్చెడివారు. ఆ రాకపోకలు సాగించినవారు తమలో తాము ఆ రహదారి నంబరు పేరనే ఒక క్లబ్బు ఏర్పరచుకొనిరి. నాకు ఈ కథలో ఈ ఘట్టము మిక్కిలి నచ్చినది. జట్టు ఇచ్చిన గెలుపులు కాదు, కలసి ప్రయాణించిన దారి వారిని ఒక కుటుంబముగా చేసినది.

గెలుపు లెక్క చెప్పుకొన్నచో అది పెద్దది కాదు. పెద్ద లీగున నున్న పదునెనిమిది సీజనులలో, ముఖ్యమైన చివరి పోటీలలో ఒక్కమారు మాత్రమే, 1986లో, క్యుబెక్ జట్టును ఓడించి ముందునకు సాగిరి. తరువాత మాంట్రియల్ జట్టుతో ఏడవ ఆట వరకు పోరాడి, అదనపు సమయములో ఓడిపోయిరి. ఓడిపోయి వచ్చినవారికి ఆ నగరము వీథులలో ఊరేగింపు చేసినది! వారి జట్టులో గోర్డీ హౌ అను మహాక్రీడాకారుడు తన యిద్దరు కుమారులతో కలసి ఆడినాడు; 1979-80 సీజనులో యాబది యొకటవ యేట ఎనుబది ఆటలును ఆడి, పదునైదు గోలులు వేసినాడు. మనలో యాబది దాటినవారు మేడ మెట్లెక్కుటకు మోకాలు పట్టుకొను సంగతి నేను వేరుగా చెప్పను. 1991లో తమకు పూర్వము నాయకుడుగా నుండిన రాన్ ఫ్రాన్సిస్‌ను పిట్స్‌బర్గ్ జట్టునకు ఇచ్చివేసిరి. పతనము ఆనాడే మొదలైనదని అచటివారు నేటికిని వాదించుచుందురు.

1994లో జట్టు చేతులు మారినది. 1996 వసంతములో క్రొత్త యజమాని, పదునొకండు వేల సీజను టికెట్లు అమ్ముడుపోయిన గాని ఇచట నిలువజాలమని చెప్పినాడు. అభిమానులు తామే ఊరంతయు తిరిగి ఎనిమిదివేల అయిదువందలకు మించి టికెట్లు కొనిపించిరి. ఒక యేడాది గడువు మాత్రము దొరికినది. 1997 మార్చిలో జట్టు వెడలిపోవునని ప్రకటన వచ్చినది. ఏప్రిల్ 13న చివరి ఆట. టాంపా బే జట్టుపై రెండు గోలులకు ఒకటిగా గెలిచిరి. చివరి గోలు వేసినవాడు నాయకుడు కెవిన్ డినీన్. ఆట ముగిసినను జనము లేచి పోలేదట. జట్టు ఉత్తర కరోలినాకు పోయి, హరికేన్స్ అని పేరు మార్చుకొని, 2006లో స్టాన్లీ కప్పు గెలుచుకొన్నది. హార్ట్‌ఫర్డ్‌లో ఎన్నడు రాని కప్పు!

వ్యాపారి కన్నుతో చూచినచో ఇచట ఖాతా మూసివేయవలసినదే. సరకు లేదు, అంగడి లేదు, గిరాకి మాత్రము ఎట్లు మిగులును? కాని ఆ జట్టు బూస్టర్ క్లబ్బు మూతపడలేదు. బూస్టర్ క్లబ్బు లనగా ప్రతి యూరను జట్టును ప్రోత్సహించు అభిమాన సంఘములు. ఇతర సంఘములకు జట్టు కలదు, వీరికి లేదు. అయినను సభ్యులు కూడుచునే వచ్చిరి.

ఇక నేను చూచినది చెప్పెదను. హార్ట్‌ఫర్డ్‌లో 2017లో డంకిన్ పార్క్ అను బేస్‌బాల్ మైదానము తెరచిరి. అచటి బేస్‌బాల్ జట్టు వేలర్స్ రంగులనే, అనగా ఆకుపచ్చ, నీలము రంగులనే ధరించును. వేసవిలో ఒక వారాంతమున వేలర్స్ పాత ఆటగాండ్రను పిలిపించి అభిమానులతో కలుపు వేడుక అచట జరుపుచున్నారు. మేము పోవునప్పటికి గేటు వెలుపల పెద్ద వరుస యేర్పడియున్నది. ముదుసళ్ళు, చంటిపిల్లలను భుజముల నెత్తుకొన్న తండ్రులు, అందరి మీదను ఆ పచ్చని చొక్కాలే. వాని మీద పీటర్ గుడ్ అను చిత్రకారుడు 1979లో వేసిన గుర్తు. క్రింద ఒక అక్షరము, పైన తిమింగలపు తోక, ఆ రెంటి నడుమ మిగిలిన ఖాళీలో ఊరిపేరు మొదటి అక్షరము దాగియుండును. బట్ట వ్యాపారిని గనుక ఆ అచ్చుపని తేరిపార చూచితిని. నా జీవితములో చూచిన మంచి గుర్తులలో అది యొకటి. నడుమ నడుమ 'బ్రాస్ బొనాన్జా' అను వారి పాత బాకాల రాగము మ్రోగినప్పుడెల్ల, కర్ర పట్టుకొన్న వృద్ధులు సైతము తాళము వేయుచుండిరి.

వరుసలో మా ముందున్న పెద్దాయన మా తమ్మునితో మాట కలిపి, తాను స్ప్రింగ్‌ఫీల్డ్ రాకపోకలు సాగించినవాడనని చెప్పినాడు. ప్రక్కన మనుమరాలు, పదేండ్లుండును. ఆమె ఆ జట్టు ఆట చూడలేదు, ఆమె తల్లియు చిన్నతనములో చూచినదే. ఈ పిల్లకు ఏమి సంబంధమని నాకు సందేహము కలిగినది. ఇది ఉత్త వెనుకటి తలపోతయేమో, తద్దినము వంటిదేమో యని గూడ తోచినది.

వరుస సాగి బల్ల వద్దకు చేరినప్పుడు సందేహము తీరినది. వేదిక లేదు, దండలు లేవు, ఉపన్యాసములు లేవు. నెరసిన తలల ఆటగాండ్రు సాదా బల్లల వెనుక కూర్చుండి, వచ్చిన ప్రతివాని పేరడిగి, ఆ పేరు వ్రాసి, క్రింద సంతకము చేయుచున్నారు. ఆ పిల్లను గూడ పేరడిగిరి. పేరులోని అక్షరములు ఒక్కొక్కటిగా చెప్పించుకొనిరి. నీవు స్కేట్లు తొడుగుదువా యని అడిగిరి. పెద్దాయన పాత టికెట్టు ముక్క యొకటి చూపగా ఇద్దరును ఆనాటి ఆటను గూర్చి వాదులాడిరి. వెనుక వరుస ఆగినది, ఎవరును విసుగుకొనలేదు. అంతసేపు కూర్చుండి అందరి పేర్లు అడుగుట సామాన్యమైన ఓపిక కాదు. పండుగల గిరాకిలో దుకాణమున కూర్చున్నవానికి ఆ సంగతి తెలియును.

అచట అంతయు బంగారమని నేను చెప్పబోను. జట్టు పోయిన 1997లోనే ఆ పాత క్రీడాభవనమునకు వుల్ఫ్ ప్యాక్ అను క్రింది తరగతి జట్టు వచ్చినది; పోయినదానిని తలచి కన్నీరు పెట్టువారిలో ఎందరు ఈ ఉన్నదానిని చూడబోవుచున్నారని అడుగవలసియున్నది. 2010లో ఆ జట్టునకే తిమింగలమని పేరు పెట్టి చూచిరి. జనము ఆశించినట్లు రాలేదు. 2013లో మరల పాత పేరే పెట్టిరి. అటు ఉత్తర కరోలినా వారు 2018 డిసెంబరులో వేలర్స్ దుస్తులు తొడిగి ఆడినప్పుడు, ఇది గౌరవమని కొందరును, మా సొత్తును మాకే అమ్ముచున్నారని కొందరును హార్ట్‌ఫర్డ్‌లో తగవులాడిరి. నా మట్టుకు నేను రెండవ పక్షము వాడను. అమ్ముకొనువాని లెక్క అమ్ముకొనువానికి తెలియును. ఏమైనను పేరు మార్చినను, దుస్తులు మార్చినను రాని జనము, ఒక బల్ల వెనుక ఒక ముసలి ఆటగాడు కూర్చుండి నీ పేరేమని అడిగినప్పుడు వచ్చినారు.

అది చూచి వచ్చినది మొదలు మన వార్షిక సమావేశము నా మనస్సున మెదలుచున్నది. నా చిన్నతనములో భోజనమునకు నాలుగు పంక్తులు సాగెడివి. నిన్నటి పద్దు చూచితిని, రెండవ పంక్తి సగమునకే ఆగినది. పిల్లలకు తెలుగు మీద ప్రీతి లేదని, ఫోనులు చెరచినవని మనము వారిని నిందించుచున్నాము. కాని నిన్న వచ్చిన పిల్లలలో ఒక్కనినైన మనలో ఎవరైన పేరడిగితిమా? మూడు గంటలు వేదిక మీద కూర్చుంటిమి, దండలు వేసికొంటిమి, నేనును వేసికొంటిని. క్రిందికి దిగినప్పటికి పిల్లలు పోయియుండిరి. సభాధ్యక్షులు క్షమింతురుగాక.

నా ప్రతిపాదన యిది. వచ్చు సంవత్సరము వేదిక కార్యక్రమము అరగంటతో ముగియవలెను. తరువాత హాలులో పది బల్లలు వేయవలెను. ఒక్కొక్క బల్ల వద్ద ఒక్కొక్క పెద్దవారు కూర్చుండవలెను. పట్టు మగ్గముల వీథుల సంగతులు తెలిసినవారొకరు, పాత నాటకములలో వేషములు కట్టినవారొకరు, రైల్వేలో పనిచేసి ఖుర్దా నుండి వాల్తేరు వరకు ప్రతి స్టేషను ఎరిగినవారొకరు. వచ్చిన ప్రతి బిడ్డను పేరు, ఇంటిపేరు, తాతగారి ఊరు అడిగి ఒక పుస్తకమున వ్రాయవలెను. ఆ బిడ్డ ఒడియాలో బదులు చెప్పినను కోపపడక వినవలెను. బల్ల విడిచి భోజనమునకు ముందుగా లేచిపోరాదు. ఈ నిబంధన నాకును వర్తించును.

బల్లల అద్దె, పుస్తకముల ఖర్చు నా దుకాణపు పద్దున వ్రాయుడు. మొదటి బల్ల వద్ద నేను కూర్చుందును. తక్కిన తొమ్మిదింటికి పేర్లు కావలెను. కార్యవర్గము వచ్చు ఆదివారము సాయంకాలము కూడుచున్నది. కూర్చుండ దలచినవారును, ఈ ప్రతిపాదన నచ్చనివారును ఆనాడు వచ్చి చెప్పవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.