ఎముకలో నాటిన పన్ను – మన సంఘ కర్తవ్యము



ప్రతివత్సరమును మన మహాసభలయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థివసతులను గూర్చియు, వృత్తిరక్షణమును గూర్చియు పెద్దలు ప్రసంగించుచుందురు. అట్టి వేదికపై పండ్లను గూర్చి మాటలాడుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. నవ్వువారికి పండ్లున్నవి గదా యని మేము సంతసించుచున్నాము. పండ్లున్నపుడు శనగలు లేవు, శనగలున్నపుడు పండ్లు లేవు అను సామెత మన పెద్దల నోట ఊరక పుట్టలేదు. పంటి మాట కడుపు మాట. కడుపు మాట వృత్తి మాట. కావున ఈ విషయము మన సభకు పరాయిది కానేరదు.

మన యైదు వృత్తులవారిలో ఏ యొక్కరును పనిముట్టు చెడిన తరువాత ఊరకుండరు. ఉలి విరిగినచో వడ్రంగి నాటి సాయంకాలమునకే దానిని కొలిమికి చేర్చును. దాగలి కదలినచో కమ్మరి దానిని గట్టిగా పాతిన పిమ్మటగాని సుత్తె యెత్తడు. పన్ను ఊడినయెడల మాత్రము, వయసు వచ్చినది గదా యని సరిపెట్టుకొని పది సంవత్సరములు గడపుదుము. ముందరి పండ్లు లేని స్వర్ణకారునకు ఊదుగొట్టము పెదవుల నడుమ కుదురుగా నిలువదు, ఊపిరి ప్రక్కలకు పోవును, మంట చెదరును. దవడపండ్లు లేని వృద్ధుడు జొన్నరొట్టెను, వేరుసెనగలను, పచ్చికాయలను విడిచి, మెత్తని యన్నముతోను చారుతోను కాలము పుచ్చును. ఇంటివారు దానిని మితాహారమని మెచ్చుకొందురు, నిజమునకది అశక్తత. పెండ్లిపందిరిలో నోటికి ఉత్తరీయము అడ్డము పెట్టుకొని మాటలాడు పెద్దలను మనమందరమును చూచియున్నాము. సభలో లేచి హితము చెప్పవలసినవారు మాట స్పష్టముగా రాదని కూర్చుండిపోయినచో, ఆ నష్టము వారితోబాటు సంఘమునకును కలుగుచున్నది.

ఇంతకంటె కంటికి కనబడని నష్టము వేరొకటి కలదు. దవడ యెముకకు పనిని కల్పించునది పన్ను. నమలునపుడు పంటిపై పడు భారము వేరుగుండ ఎముకకు దిగును; ఆ భారమువలననే ఎముక తన బలమును నిలుపుకొనును. పన్ను పోయినచోట ఎముకకు పని తప్పును. పని తప్పిన ఎముక క్షీణించును. మొదటి సంవత్సరములోనే అచ్చటి గట్టు వెడల్పులో సుమారు సగము తరుగుట కలదు. పండ్లన్నియు పోయిన ముసలివారి చెంపలు లోనికి పోవుటకును, గడ్డము ముక్కునకు చేరువగుటకును ఇదియే ముఖ్యకారణము. తీసి పెట్టుకొను కట్టుడుపండ్లసెట్టు నానాటికి వదులై, నోటిలో కదలి, చిగుళ్లను ఒరయుటకును ఇదియే కారణము.

పండ్లకు సంబంధించిన విచారము మన దేశమునకు క్రొత్త కాదు. సుశ్రుతసంహిత ముఖరోగములను 65గా లెక్కించి, అందు పండ్ల మొదళ్లకు వచ్చువానిని 15గాను, పండ్లకు వచ్చువానిని 8గాను విభజించినది. ఊడిన పంటి తావున వేరొకటి నాటవలెనను ప్రయత్నమునకు మిక్కిలి పురాతనమైన సాక్ష్యములలో నొకటి మధ్య అమెరికాలో దొరకినది. హోండురాసు దేశమున 1931లో ఒక దవడ యెముక లభింపగా, అది సుమారు క్రీ.శ. 600 నాటి మాయాజాతివారిదని పండితులు నిర్ణయించిరి. దాని ముందరిపండ్ల తావున, పంటి యాకారముగ చెక్కిన మూడు చిప్పముక్కలు నాటబడియుండెను. 1970లో ఎక్సురే చిత్రములు తీసి చూడగా ఆ ముక్కల చుట్టును ఎముక పెరిగియున్నట్లు తేలినది. అనగా బ్రదికియున్న మనుష్యునికే వానిని నాటిరి. వానిని చెక్కినవాని పేరు చరిత్రకు తెలియదు. అతడు వైద్యుడో కాడో కాని, శిల్పి యనుటకు మాత్రము సందేహము లేదు.

నేటి పద్ధతికి మూలపురుషుడు స్వీడను దేశీయుడగు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ ఆచార్యుడు. ఈయన 1952లో లుండ్ నగరమున ఎముకలోని రక్తప్రసారమును పరిశోధించుచు, టైటానియము లోహముతో చేసిన చిన్న గొట్టమును కుందేలు కాలియెముకలో అమర్చెను. పరిశోధన ముగిసిన పిదప దానిని ఊడదీయబోగా అది రాలేదు. ఎముక ఆ లోహమును పరాయిదిగా త్రోసివేయక, తన యంగముగనే పట్టుకొనియుండెను. ఇతరులైనచో పనిముట్టు పాడైనదని విసుగుకొని విడిచిపెట్టియుందురు. ఆయన దానినే పట్టుకొని పదియేండ్లకుపైగా శోధించి, 1965లో గోటెబోర్గ్ నగరమున యోస్తా లార్సన్ అను నాతని దవడలో మొదటిసారిగా టైటానియపు దంతమూలములను నాటెను. అవి 2006లో లార్సన్ మరణించువరకును, అనగా నలువది సంవత్సరములకు మించి, ఆతనికి ఉపయోగపడినవి. స్వదేశమున దంతవైద్యులు చాలకాలము బ్రోనెమార్కును నమ్మలేదు. 1982లో కెనడా దేశమునందలి టొరంటోలో జరిగిన సమావేశము తరువాతనే లోకము ఆ మార్గమును విరివిగా అంగీకరించినది. ఆయన 2014లో దివంగతుడయ్యెను.

ఇక ఈ పని జరుగు విధమును మన వృత్తులవారికి తెలిసిన మాటలలో మనవి చేయుదుము. ఇంప్లాంటు అనునది టైటానియముతో చేసిన చిన్న మరచీల. సాధారణముగ దాని లావు 3 మొదలు 5 మిల్లీమీటర్లు, పొడవు 8 మొదలు 13 మిల్లీమీటర్లు ఉండును. వైద్యుడు చిగురును తెరచి, ఎముకలో మొదట సన్నని రంధ్రము తొలిచి, క్రమముగా దానిని పెద్దది చేసి, ఆ మరచీలను బిగించును. గట్టి కొయ్యలో మర బిగించుటకు ముందు బరమాతో రంధ్రము తొలుచు వడ్రంగికి ఈ క్రమము బోధింపనక్కరలేదు. తొందరపడి బరమా త్రిప్పినచో కొయ్య పొగలుగ్రక్కునని యాతడెరుగును. ఎముక కొయ్యకంటె సుకుమారము. 47 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఒక్క నిమిషము తగిలినను ఎముకకు హాని కలుగునని 1983లో స్వీడను పరిశోధకులు నిరూపించిరి. అందుచేతనే నీరు చల్లుచు మెల్లగా తొలుతురు.

పిమ్మట వేచియుండవలెను. క్రింది దవడలో సుమారు మూడు నెలలును, మీది దవడలో ఇంచుమించు ఆరు నెలలును వేచియుండుట తొలినాటి నియమము. నేడు కొందరికి ఆ గడువు తగ్గినది. వెలిగారము వేసి లోహపు ముఖమును శుభ్రము చేయనిదే టంకము అంటదని స్వర్ణకారుడెరుగును. అట్లే టైటానియము గాలి సోకిన తక్షణమే తనపై పలుచని భస్మపు పొరను కల్పించుకొనును. శుభ్రమైన ఆ పొరనే ఎముక ఆశ్రయించి పెరుగును. ఎముక పట్టిన పిదప మరచీలపై ఒక చిన్న స్తంభమును నిలిపి, దానిపై పంటి తొడుగును అమర్తురు. మైనముతో రూపము చేసి, దానిపై మట్టి పూసి, మైనమును కరగించి, ఆ ఖాళీలో లోహము పోయు మన స్థపతుల విధానమువంటిదానినే 1907లో అమెరికాలో టగార్టు అను దంతవైద్యుడు పంటిపనికి ప్రవేశపెట్టెను. లోహపు తొడుగులు పోతపోయుట ఆ మార్గమున సాగినది. నేడు జిర్కోనియా అను తెల్లని గట్టిపదార్థమును యంత్రములు చెక్కుచున్నవి. ఐనను తుదిమెరుగు నేటికిని మనుష్యుని కంటిదియు చేతిదియునే.

ఈ లోహము మనకు దూరపుది కాదు. శ్రీకాకుళము తీరమునందును, భీమునిపట్టణపు ప్రాంతమునందును సముద్రపుటిసుకలో నల్లగా కనబడు ఇల్మనైటు టైటానియమునకు ముడిపదార్థము. ఐతే ఈ పనికి ప్రాణము లోహపు వెలలో లేదని మేము గట్టిగా మనవి చేయుచున్నాము. పనివాని శుభ్రతయు, శరీరపు ఓర్పును, ధరించినవాని జాగ్రత్తయు అను మూడును కలసి ఈ పంటిని నిలుపుచున్నవి. ఈ మూడింట నొకటి లోపించినను ఎంత వెల పెట్టిన పన్నైనను ఊడిపోవును.

జాగ్రత్తను గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. నాటిన పంటికి పుచ్చు పట్టదు. కాని దాని చుట్టును ఉన్న చిగురునకును ఎముకకును రోగము పట్టును. దినదినమును తోమి, సందులు శుభ్రము చేసి, నియమముగా వైద్యునికి చూపించుకొననియెడల ఎముక కరగి చీల కదలును. పొగ త్రాగువారికి ఈ పన్ను విఫలమగుట హెచ్చు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో స్త్రీలు నిప్పుకొసను నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డచుట్ట అంగిటి పుండునకే దారితీయునట్టిది. దానిని మానకుండ పండ్లు నాటించుకొనుట వ్యర్థము. మధుమేహము అదుపులో లేనివారికి గాయము మానదు. ఎముకల బలహీనతకు కొన్ని మందులు వాడువారు ఆ సంగతిని వైద్యునికి ముందుగనే చెప్పవలెను. ఎదుగుచున్న బాలబాలికలకు దవడ ఎదుగుదల ముగియువరకు దీనిని నాటరాదు. పెండ్లి నిశ్చయమైనదని పదునైదేండ్ల బాలికకు తొందరపడి పన్ను నాటింపజూచు తలిదండ్రులుందురేని, వారు రెండు తప్పులు చేయుచున్నారు. అందు పంటిది చిన్నది.

ఒక్క దినములో పండ్లు పెట్టుదుమను ప్రకటనలు నేడు ఎచ్చట చూచినను కనబడుచున్నవి. ఎముక బలము చాలినవారికి నాడే తాత్కాలికపు తొడుగు పెట్టుట కలదు. కాని యది వైద్యుడు పరీక్షించి నిర్ణయింపవలసినదేగాని గోడకాగితము నిర్ణయింపరాదు. ప్రక్కపండ్లను అరగదీసి వానిపై వంతెనపన్ను అమర్చుటయు, తీసిపెట్టుకొను పండ్లసెట్టును ధరించుటయు నేటికిని నింద్యములు కావు, అనేకులకవియే తగినవి. అన్నిటికంటె మేలైనది స్వంత పన్నే. నిలుపదగిన పంటిని తీయించి మరచీల నాటించుకొనుట, మంచి స్తంభమును పడగొట్టి క్రొత్త స్తంభమును కొనుటవంటిది.

మన పోషకులలో సంపన్నులు ఒక్కొక్క పంటికి వేలకొలది రూపాయలు వెచ్చింపగలరు. కుంపటి ముందర కూర్చుండి దినవెచ్చమునకు తడుముకొను వృద్ధునకు ఆ మాట వినబడినంతనే నోరు మూతపడును. అట్టివారికి ముప్పదిరెండు పండ్లును నాటింపనక్కరలేదు. 2002లో కెనడాలోని మాంట్రియల్ నగరమున మెగిల్ విశ్వవిద్యాలయమందు సమావేశమైన నిపుణులు, క్రింది దవడలో పండ్లన్నియు పోయినవారికి రెండే రెండు ఇంప్లాంట్లు నాటి, పండ్లసెట్టును వానిపై బిగించుట మొదట ఎన్నదగిన చికిత్సయని ప్రకటించిరి. రెండు గుంజలకు కట్టిన పందిరివలె ఆ సెట్టు కదలక నిలుచును. ఇది సంఘపు సహాయనిధికి మోయరాని భారము కాదు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్ నందును, విజయవాడయందును ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. ఎచ్చటికి పోవలెనో, ఎవరిని చూడవలెనో తెలియక ఆగిపోవు పెద్దలను అచ్చటికి వెంటబెట్టుకొని పోవుటకు మన యువకులు చాలుదురు.

తుదకు వృత్తిని గూర్చి ఒక మాట. 1963 జనవరిలో బంగారపు నియంత్రణనిబంధనలు వచ్చి 14 కారట్లకు మించిన నగలు చేయరాదన్నపుడు మన స్వర్ణకారుల యిండ్లలో కుంపట్లు ఎట్లు చల్లారినవో పెద్దలెరుగుదురు. బంగారపు నియంత్రణము 1990లో తొలగినను, యంత్రములపై తయారైన నగలు వచ్చి మరల పని తగ్గించినవి. సన్నని పనికి అలవడిన ఆ వ్రేళ్లు ఊరక యుండవలసినదేనా? పంటి తొడుగులు, సెట్లు చేయు దంతయంత్రకారులను 1948 నాటి దంతవైద్యుల చట్టమే ప్రత్యేకవృత్తిగా పేర్కొన్నది. దానికి రెండేండ్ల చదువు కలదు. మైనపు రూపము, పోత, మెరుగు, వెండ్రుకవాసి కొలత అనునవి ఆ చదువునకు ప్రాణములు. ఇవి మన పిల్లలు ఉగ్గుపాలతో నేర్చినవి. పిల్లవానికి కావలసినది శాస్త్రపు చదువును, సర్టిఫికెట్టును, ఆ రెండేండ్లు ఇంటిని నడుపుటకు కొంత సహాయమును మాత్రమే.

కావున ఈ మహాసభ ముందర రెండు కోరికలను ఉంచుచున్నాము. సహాయనిధిలో ఒక భాగమును పండ్లు లేని పేదవృద్ధుల చికిత్సకు కేటాయింపవలెను. మరియొక భాగమును దంతయంత్రకార విద్య నభ్యసించు మన యువతీయువకులకు విద్యార్థివేతనముగ నీయవలెను. మొదటిది పెద్దల నోటికి అన్నమును మాటను మరల నిచ్చును. రెండవది పిన్నల చేతికి పని నిచ్చును. ఈ రెండింటిని తీర్మానరూపమున అంగీకరించి, వచ్చు మహాసభనాటికి ఎందరికి సహాయము చేరినదో లెక్క చెప్పునట్లు కార్యవర్గమును ఆదేశింపవలెనని ప్రార్థించుచున్నాము.