పూసకు తగిన తీగ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, ఏ ప్రబంధమును గూర్చియో, ఏ పురాణమును గూర్చియో నేను ప్రసంగింతునని వారు తలచియుందురు. నేను ఎన్నుకొన్న విషయము విని కొందరు నవ్విరి. పూసల నగలలో పూస జారిపోకుండ క్రిందనుండి పట్టియుంచు చిన్న తీగముక్కను గూర్చి నేను చెప్పబోవుచున్నాను. ఒక కొనయందు చిన్న తలయు, రెండవ కొనయందు వంచి చుట్టుటకు వీలైన పొడవును గల యీ తీగను బెజవాడ వన్‌టౌను అంగళ్లలోను, బందరులోను హెడ్‌పిన్ను అనియే యందురు. నేను తలతీగ యనెదను.

నా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణము. 1984 లో ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసినది. నేను సహకార సంఘపు లెక్కలు వ్రాయుచున్నాను. పాఠశాలలో నేను సంస్కృతము చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు గురువులు. అట్టివానికి తలతీగతో నేమి పని యనిన, అది ఒక లెక్క తప్పుటవలన వచ్చిన పని. ఆ కథ ముందు మనవి చేసికొందును.

మన గ్రంథాలయపు వరండాలో మధ్యాహ్నవేళ స్త్రీలు కూర్చుండి, బందరు వర్తకులకు పూసల నగలు కట్టియిచ్చుట మీరెరుగుదురు. బందరు ప్రక్కనున్న చిలకలపూడి పేరు చెప్పగనే పాండురంగస్వామి ఆలయము స్మృతికి వచ్చును. తరువాత గిల్టునగలు స్మృతికి వచ్చును. రాగిమీదను, ఇత్తడిమీదను పలుచని బంగారుపూత పూయు ఆ పనితనమునకు చిలకలపూడి బంగారమని పేరు. నేడు పోతేపల్లిలో ఆ పరిశ్రమకు ప్రత్యేకముగ నొక వాడయే యున్నది. ఆ వృత్తి చుట్టుప్రక్కల నెన్నో యిండ్లకు అన్నము పెట్టుచున్నది.

ఎనిమిది సంవత్సరముల క్రిందట సంక్రాంతికి ముందు ఒక వర్తకుడు 500 జతల లోలాకులు కట్టుటకు గాజుపూసలు పంపెను. జతకు నాలుగు రూపాయల కూలి. తలతీగలు మాత్రము మనమే కొనవలెను. పదిమంది స్త్రీలు పనికి కుదిరిరి. లెక్క నాది, కొనుగోలును నేనే చేసితిని. అంగడిలో రెండు పొట్లములు చూపిరి. రెంటిమీదను 22 అను అంకెయే యున్నది. రెండును పచ్చగనే మెరయుచున్నవి. ఒకటి తీగకు 14 పైసలు తక్కువ. వేయి తీగలకు 140 రూపాయలు మిగులునని సంతసించి చౌకరకము తెచ్చితిని.

సరకు పోయిన మూడు వారములకు 180 జతలు తిరిగి వచ్చినవి. కొన్నిటియందు తీగ తల పూస రంధ్రములోనుండి దూరిపోయి పూస రాలినది. కొన్నిటియందు పైచుట్టు విచ్చుకొన్నది. మిగిలినవానిలో తీగ త్రుప్పుపట్టినది. వర్తకుడు జతకు 15 రూపాయల చొప్పున 2,700 రూపాయలు కోసివేసెను. వచ్చు కూలి 2,000. పదిమందికిని పని చేసినందుకు కూలి పోగా, తలకు 70 రూపాయల అప్పు మిగిలినది. నేను పుస్తకములో పది పేర్లక్రింద పది పద్దులు చక్కగా వ్రాసి, మొత్తము సరిచూచితిని.

మరునాడు వారిలో పెద్దదగు నొక అవ్వ వచ్చి, కొంగుముడి విప్పి, 70 రూపాయలు బల్లమీద పెట్టినది. తరువాత పుస్తకము వంక చూచి, "కరణంగారబ్బాయీ, ఆ సూదులు ఎంచింది ఎవరు? ఆ పేరు పుస్తకంలో కనపడదేం?" అనినది. కోపముగ ననలేదు, అడిగినది, అంతే. నాకు సమాధానము తోచలేదు. ఆ పది పద్దులను కొట్టివేసి, నా పేర 2,700 వ్రాసికొంటిని. ఆ సొమ్ము తీర్చుట యొక పంటకాలములో ముగిసినది. తీగను గూర్చి తెలిసికొనుట మాత్రము ఇంకను ముగియలేదు.

పూసలకు వ్రేలాడు నేర్పు మనదేశమున క్రొత్తది కాదు. మన కృష్ణాడెల్టాలోని భట్టిప్రోలు స్తూపమును 1892 లో అలెగ్జాండరు రీ త్రవ్వించినప్పుడు, శాసనములు చెక్కిన రాతిపేటికలలో స్ఫటికపు భరిణెలును, బంగారు పూవులును, ముత్యములును, పూసలును దొరికినవి. కౌటిల్యుని అర్థశాస్త్రము హారములకు పేరుల సంఖ్యనుబట్టి నామములు పెట్టినది. 1,008 పేరులున్నది ఇంద్రచ్ఛందము. అందు సగము విజయచ్ఛందము. 32 పేరులు గుచ్ఛము. 27 పేరులు నక్షత్రమాల. లెక్కలు వ్రాయువానికి ఈ పట్టిక చదివినప్పుడు కలుగు ఆనందము వేరు. మన తెలుగునాటి గుత్తపూసల హారమును చూడుడు. అంచున గుత్తులు గుత్తులుగ వ్రేలాడు ఆ చిన్నముత్యములన్నియు సన్నని తీగల బలముననే నిలిచియున్నవి. కంసాలి ఆ తీగ కొనను మంటలో పట్టి ఊదుగొట్టముతో ఊదగా, కరగిన లోహము తనంతట తానే గుండుగ ముడుచుకొనును. ఆ గుండే తల. అంగడిలోని పొట్లము దానికి మనుమరాలు.

ఇక ఎంపికకు వత్తము. మొదట చూడవలసినది తీగ కాదు, పూస రంధ్రము. రఘువంశ ప్రథమసర్గలో కాళిదాసు, పూర్వకవులు తెరచిన ద్వారమున తాను ప్రవేశించుటను, వజ్రముచే తొలిచిన మణిలో దారము దూరుటతో పోల్చెను. తొలుచుట ముందు, దూరుట తరువాత. రంధ్రములన్నియు నొక్కతీరున నుండవు. ఇనుపకడ్డీకి కరగిన గాజు చుట్టి చేసిన పూసకు కడ్డీ యెంత లావో రంధ్రము నంతయే యుండును. చిత్తూరుసీమలోని పాపానాయుడుపేటవలె గాజును గొట్టముగ సాగదీసి ముక్కలు చేసిన పూసలకు రంధ్రము సన్నముగ నుండును. ముత్యమునకు మరియు సన్నము. తీగ బలవంతము లేకుండ దూరవలెను. పూస దానిపై తిరుగవలెను. బలవంతముగ దూర్చిన గాజు చిట్లును, ముత్యము పగులును.

రెండవది తల. తల రంధ్రముకంటె స్పష్టముగ పెద్దదై యుండవలెను, సమానమైన చాలదు. నేను తెచ్చిన తీగల తల యించుమించు పూస రంధ్రమంతయే యుండెను. కడ్డీకి చుట్టిన పూసలగుటచే కొన్నిటి రంధ్రములు కొంచెము పెద్దవి, అవియే రాలినవి. రంధ్రము పెద్దదైనచో, ముందుగ నొక చిన్నపూసనో, లోహపు గిన్నెనో తీగకు ఎక్కించి, దానిపై పెద్దపూసను నిలుపవలెను. చదునుతల అణకువగ నుండును. గుండుతల అందముగ నుండును. బలము ఆకారమునందు లేదు, వెడల్పునందున్నది.

మూడవది మందము. ఇచ్చటనే నేను మోసపోయితిని. రెండు పొట్లములమీదను 22 అనియే యుండగా తేడా యేమని నా యాలోచన. సమాధానము పంపుసెట్టు మోటార్లకు తీగ చుట్టు మేస్త్రి చెప్పెను. ఆయన యొద్ద అంచున గాళ్లు గల గుండ్రని ఇనుపపలక గలదు. దానిని గేజి యందురు. ఒక తీగ 22 గాడిలో సరిగ నిలిచినది. రెండవది వదులుగ ఆడినది. మోటారు వైండింగును గూర్చిన పుస్తకము మన గ్రంథాలయముననే యున్నది. అందు పట్టిక దొరికినది. బ్రిటిషు కొలత 1884 లో చట్టబద్ధమైనది. మన మేస్త్రులు వాడునది యదియే. అమెరికా కొలత వేరు. అది 1857 నాటిది. బ్రిటిషు 22 అనగా 0.711 మిల్లీమీటరు, అమెరికా 22 అనగా 0.644. 24 అనిన మొదటిది 0.559, రెండవది 0.511. నేను కొన్న చౌకరకము అమెరికా కొలతది. మందము పదవవంతు తగ్గినంతనే తీగ బిరుసు సుమారు మూడవవంతు తగ్గును. ఏలయన బిరుసు మందము యొక్క నాల్గవ ఘాతమును అనుసరించును. చుట్లు విచ్చుకొనుటకు అదియొక కారణము.

అంకె పెరిగినకొలది తీగ సన్నగిలుట మీకు వింతగ తోచవచ్చును. కంసాలి కమ్మచ్చును తలచుకొన్న వింత యుండదు. తీగను ఒక రంధ్రమునుండి అంతకంటె చిన్నరంధ్రములోనికి వరుసగ లాగుదురు. ఎన్నిసార్లు లాగిన అంత సన్నము. ఆ లాగుడుల లెక్కయే మొదట అంకెయైనది. కాబట్టి అంకెను నమ్మవలదు; మిల్లీమీటర్లు అడుగుడు. గాజుపూసల లోలాకులకు ఇంచుమించు 0.7, చిన్నపూసలకు 0.5 మొదలు 0.6 వరకు, ముత్యములకు 0.4 మొదలు 0.5 వరకు పనికివచ్చును.

నాల్గవది పొడవు. ఇది లెక్కకు లొంగు విషయము. చుట్టు లోపలి వెడల్పునకు తీగ మందమును కలిపి, 3.14 చే గుణించుడు. లోపల 2.5, తీగ 0.7 అయిన, మొత్తము 3.2, గుణించిన 10 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల పూసకు దానిని కలిపిన 18. పట్టుటకు రెండు చేర్చిన 20. మెడచుట్టు మూడుమార్లు చుట్టి ముగించు పద్ధతి గట్టిది. దానికి మరికొంత తీగ కావలెను. 0.56 తీగతో, చుట్టునకు సుమారు 10, మెడకు 2, మూడు చుట్లకు 10 న్నర, పట్టుటకు 6, పూసకు 8. వెరసి 36 న్నర. 40 మిల్లీమీటర్ల తీగ కొనుడు. అతిపొడవు కొని కత్తిరించి పారవేసిన దుబారా. పొట్టిది కొని సాగలాగిన నష్టము.

అయిదవది లోహము. అయస్కాంతము చూపుడు, అంటుకొన్నచో లోపల ఇనుము కలదని యెంచవలెను. చౌకతీగలు పూతలోపల ఇనుమే. బందరుతీరపు ఉప్పుగాలికి, మన కాలువల చెమ్మకు, కత్తిరించిన కొనవద్ద ముందుగ త్రుప్పు మొదలగును. రాగియు ఇత్తడియు త్రుప్పుపట్టవు గాని, చెమటకు నల్లబడి చిలుమెక్కును, తుడిచిన పోవును. నూటికి 92.5 పాళ్లు వెండిగల తీగ మేలైనది, ఖరీదైనది. బంగారుపూతక్రింద నికెలు పూసినచో కొందరి చర్మమునకు దురద, దద్దురు వచ్చును. ఐరోపాలో 1994 లోనే నగలనుండి వెలువడు నికెలునకు హద్దు విధించిరి. చెవికంటు కొక్కెము విషయమున మనమును ఆ జాగ్రత్త పాటింపవలెను.

ఆరవది చేతిపని. గుండ్రముక్కు శ్రావణముతో ఒక్కసారిగ చుట్టవలెను. వంచి, విప్పి, మరల వంచిన తీగ గట్టిపడి, పెళుసై, తుదకు విరుగును. చుట్టును తెరవవలసివచ్చినప్పుడు వెడల్పుగ లాగక, ప్రక్కకు మరలింపవలెను.

కొనుటకు ముందు పది తీగలు మాత్రము తెచ్చి, అసలు పూసలతో పది కట్టి, ఒక రాత్రి ఉప్పునీటి తడిగుడ్డలో ఉంచి, మరునాడు లాగి చూడుడు. ఆ పదింటి ఖర్చు చాయ ఖర్చునకు మించదు. ఆనాడు నేనీ పని చేసియున్న 2,700 రూపాయలు మిగిలియుండెడివి.

గీతయందు ఏడవ యధ్యాయమున భగవానుడు, సూత్రమునందు మణులు గ్రుచ్చబడినట్లు జగత్తు తనయందు గ్రుచ్చబడియున్నదని చెప్పెను. మణులు కనబడును, సూత్రము కనబడదు. లోలాకు ధరించిన పెండ్లికూతురు పూసను చూచుకొని మురియును; తీగను చూడదు. చూడనవసరము లేకుండుటయే తీగ గొప్పతనము. అది కనబడిన దినమున పూస నేలపాలైనదన్నమాట.

సోదరులారా! 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైననాటినుండి, పుస్తకము జనుల బ్రదుకునకు ఉపయోగపడవలెననుట మన ఉద్యమపు మాట. 1935 లో పాతూరి నాగభూషణముగారు కాలువలలో పడవమీద పుస్తకములను పల్లెలకు పంపించిరి. మోటారు పుస్తకమొకటి పూసలు కట్టు స్త్రీల కూలిని కాపాడుట అట్టి ఉపయోగమే యని నా నమ్మకము.

ఈ రజతోత్సవ నిధినుండి మూడు వస్తువులు కొనవలెనని కార్యవర్గమును ప్రార్థించుచున్నాను: ఒక తీగ గేజి, ఒక అయస్కాంతము, రకరకముల తలతీగలను మందముతో సహా కుట్టియుంచిన ఒక నమూనా అట్ట. నాల్గవది నేను తెచ్చితిని. ఇది పూసలపనికి క్రొత్త లెక్కపుస్తకము. సరకు, వెల, కూలి అను గళ్లకు తోడుగ, ఇందు మరియొక గడి గీచితిని. దానిపైన "ఎంచినవారు" అని వ్రాసితిని. ఆ అవ్వ నేడు మన ముందువరుసలోనే కూర్చున్నది. మొదటి పద్దు ఆమె సమక్షమున వ్రాయుదును.